రాజమల్లు తిన్న గుద్దులు

నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు మోసే హమాలీల మధ్య రాజమల్లును పోల్చుకోవడం కష్టం కాదు. ఆరడుగుల మనిషి. దవడ కొంచెం ఎడమకు ఒరిగి ఉంటుంది. నవ్వితే కింది పళ్లు పై పళ్లకు కలవవు. కొత్తగా చేరిన హమాలీ ఎవరైనా ఏమైందని అడిగితే, బోధన్ ఆత్మారాం గుద్దాడని చెప్పేవాడు. ఆ చెప్పడంలో కోపం ఉండేది కాదు. దగ్గరి చుట్టం సంగతి చెబుతున్నట్టు ఉండేది.

వాళ్లిద్దరికీ పంతొమ్మిదేళ్లప్పుడు పరిచయమైంది. రిటైరైన పోలీసు కానిస్టేబుల్ సిద్దిరాములు సార్ ఊరి చివర ఒక రేకుల షెడ్డులో బాక్సింగ్ నేర్పేవాడు. వేల్పూర్ నుంచి వచ్చి యార్డులో కూలికి కుదిరిన రాజమల్లు, క్వింటాల్ బస్తాను వీపున వేసుకుని పరుగు లాంటి నడక నడవడం చూసి, ఆయనే పిలిచి చేతికి గ్లవ్స్ తొడిగాడు. ఆత్మారాం బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు బండ్లు దించే కూలీ కొడుకు. పొద్దున్నే మొదటి బస్సెక్కి వచ్చేవాడు. వాళ్ల బరువు తరగతిలో జిల్లా మొత్తానికి ఇద్దరే ఇద్దరు. సన్నగా ఉన్నవాళ్లకు జోడీలు పదిమంది దొరికేవారు. వీళ్లకు మాత్రం ఒకరికి ఒకరే దిక్కు. వారానికి నాలుగు రోజులు ఒకరి ముఖం మీద ఒకరు కొట్టుకుంటూనే మీసాలు పెంచారు, పెళ్లిళ్లు చేసుకున్నారు.

ఇద్దరి చేతులూ ఒకటి కాదు. ఆత్మారాం ఎడమ చేతి గుద్దు తగిలితే ఎంతటివాడైనా కూలబడాల్సిందే. రాజమల్లు చేతిలో అలాంటిదేమీ లేదు. అతని బలం నిలబడటంలో ఉంది. ఎన్ని తిన్నా ముందుకే వచ్చేవాడు, ఎదుటివాడి తలమీద కుడి చేత్తో, ఎడమ చేత్తో, వరుసగా కొడుతూనే ఉండేవాడు. ఒక్కటీ ఎవర్నీ పడగొట్టేది కాదు. ఆ సంగతి అతనికీ తెలుసు, షెడ్డులో అందరికీ తెలుసు.

1999 ఎండాకాలంలో రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీలు నిజామాబాద్‌లోనే పెట్టారు. ఫైనల్లో మళ్లీ వాళ్లిద్దరే. మొదటి రౌండంతా రాజమల్లు బాగానే నిలిచాడు. రెండో రౌండులో ఆత్మారాం కుడి భుజం కదిలింది. రాజమల్లు అటు చెయ్యెత్తాడు. అంతవరకే అతనికి జ్ఞాపకం. ఎడమ చెయ్యి రావడం అతను చూడనే లేదు. చప్పుడు మాత్రం విన్నాడు. పచ్చి చెరుకు గడను మోకాలి మీద పెట్టి విరిస్తే వచ్చే చప్పుడు. కళ్లు తెరిచేసరికి పైన ట్యూబులైటు, దాని చుట్టూ పురుగులు, నోటి నిండా వెచ్చని రక్తం. ఊడిన రెండు పళ్లు నాలుక మీద తేలుతున్నాయి. వాటిని మింగకుండా పక్కకు నెట్టి, లేవబోయి, మళ్లీ పడ్డాడు. దవడ రెండు చోట్ల విరిగింది.

పళ్లకు తీగ చుట్టి ఆరు వారాలు నోరు కట్టేశారు. గొట్టంతో తాగడమే. ప్రతి ఆదివారం ఆత్మారాం స్టీలు క్యానులో చెరుకు రసం పట్టుకుని వచ్చేవాడు. బోధన్ నుంచి బస్సులో వచ్చేసరికి అది నల్లబడి, పులుపెక్కేది. రాజమల్లు తల్లి దాన్ని వాసన చూసి ముఖం తిప్పుకునేది. రాజమల్లు తాగేవాడు. ఆత్మారాం మంచం పక్కన కూర్చుని, క్యాను ఖాళీ అయ్యాక లేచి వెళ్లిపోయేవాడు. ఏడో వారం రాజమల్లు మళ్లీ షెడ్డుకు వెళ్లాడు. ఆ రోజు నుంచి వాళ్ల స్నేహం ఎవరూ విడదీయలేనిదైంది.

పదేళ్లు గడిచాయి. ఆత్మారాంకు ఉమారాణితో, రాజమల్లుకు గోదావరితో పెళ్లిళ్లయ్యాయి. రాజమల్లు పోటీలు మానేశాడు గానీ, ఆత్మారాంకు పోటీ ఉందంటే మాత్రం నెల ముందు నుంచి వెళ్లి అతనికి ఎదురు నిలబడేవాడు. 2010లో ఇద్దరికీ ముప్పై మూడు. ఆత్మారాం నూరు కిలోలు దాటాడు. అడుగులు బరువెక్కాయి. చురుకు తగ్గింది. రాష్ట్ర పోటీకి ఆఖరి అవకాశం అదే. పోటీకి వారం ముందు షెడ్డులో తలపడినప్పుడు ఆ ఎడమ చెయ్యి బయలుదేరడం రాజమల్లు కళ్లారా చూశాడు. మడమ లేచింది, నడుము తిరిగింది, భుజం వెనక మొత్తం ఒళ్లు కదిలి వచ్చింది. చూసి కూడా తప్పుకోలేకపోయాడు. అతని కాళ్లూ అలాగే ఉన్నాయి మరి. గుద్దు కుడి పక్కటెముకల కింద, కాలేయం మీద దిగింది. మొదట ఏమీ కాలేదు. ఒక క్షణం తర్వాత ఒళ్లంతా చచ్చుబడింది. మోకాళ్ల మీద కూలి, నుదురు నేలకు ఆనించి, పొద్దున తిన్నదంతా కక్కాడు. ఇరవై రెండేళ్లప్పటి గుద్దు కత్తిలా వచ్చేది. ఇప్పటిది చెరుకు లారీ వెనక్కి వచ్చి గోడకు ఒత్తినట్టుంది. మెల్లగా వచ్చింది, కానీ దాని ముందు ఆగేది లేదు.

సిద్దిరాములు సార్ బకెట్‌తో నీళ్లు తెచ్చి రాజమల్లు తలమీద పోశాడు. ఆత్మారాం వినేలాగే అన్నాడు.

"ముందుగాల కాళ్లు పోతయి. తర్వాత కన్ను, గా తర్వాత దమ్ము. గుద్దు మాత్రం ఆఖర్కి పోతది. గదే మోసం. గుద్దు ఉన్నది గదా అని ఎవ్వడు రింగు దిగడు. దిగకపోతే ఏమైతది, తింటనే ఉండాలె."

ఆత్మారాం గ్లవ్స్ ముడి పళ్లతో విప్పుకుంటూ నవ్వాడు. ఆ మాట తనకు కాదన్నట్టు నవ్వాడు.

ఆ పోటీలో ఎదుటివాడు ఆర్మూర్ వైపు నుంచి వచ్చిన శేఖర్. ఇరవై ఒక్కేళ్లు. మొదటి రెండు రౌండ్లు శేఖర్ కొట్టిందే కొట్టుడు. ఆత్మారాం చెయ్యెత్తేలోపు మూడు కొట్టి పక్కకు జరిగేవాడు. విరామంలో రాజమల్లు మూలన కూర్చుని ఆత్మారాం ముఖం తుడిచాడు. కనుబొమ చీలి కన్ను మూసుకుపోయింది. ముక్కు నుంచి కారే రక్తం ఆగడం లేదు. ఇక చాలని టవలు విసిరేద్దామా అని సార్ వైపు చూశాడు. ఆత్మారాం అతని మణికట్టు పట్టుకుని వద్దన్నట్టు తల ఊపాడు. మూడో రౌండు సగంలో శేఖర్ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, జరగడం మరిచి ఎదురుగా నిలబడ్డాడు. ఎడమ చెయ్యి తగిలింది. హెడ్‌గార్డు పక్కకు తిరిగి శేఖర్ కళ్లమీదికి వచ్చింది, పడేటప్పుడు చేతులు కూడా అడ్డం పెట్టుకోలేదు. జనం కుర్చీల మీదికెక్కారు.

హైదరాబాద్ నుంచి తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆత్మారాం ఎవరు గెలిచారని అడిగాడు. నువ్వేనని చెప్పారు. కామారెడ్డి దాటాక మళ్లీ అడిగాడు. డిచ్‌పల్లి దగ్గర మళ్లీ అడిగాడు. హాస్యమాడుతున్నాడనుకుని అందరూ నవ్వారు. రాజమల్లూ నవ్వాడు.

సార్ చెప్పినట్టే అయింది. ఆత్మారాం దిగలేదు. రాష్ట్ర పోటీల వయసు దాటాక, రాష్ట్ర సరిహద్దు అవతల జాతరల్లో పెట్టే పోటీలకు వెళ్లడం మొదలుపెట్టాడు. అక్కడ హెడ్‌గార్డులు ఉండవు. గ్లవ్స్ దూది పోయి పలచబడి ఉండేవి. ఎదురొచ్చిన పాతికేళ్ల పహిల్వాన్లు అతని తలను డోలు వాయించినట్టు వాయించేవారు, చివరికి అతని ఎడమ చేతి కింద పడేవారు. అతనికి ముప్పై ఆరేళ్లప్పుడూ పడ్డారు, ముప్పై తొమ్మిదేళ్లప్పుడూ పడ్డారు. ప్రతి పోటీకి ముందు నెల రోజులు రాజమల్లు ఆదివారాలు బోధన్ వెళ్లి అతనితో తలపడేవాడు. తానూ పనిచేసిన చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆత్మారాం ఒక రైస్ మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. నలభై ఏళ్లు నిండాక మోకాలు పూర్తిగా మొరాయించడంతో పోటీలు ఆగాయి. రాకపోకలు కూడా తగ్గాయి.

2024 ఫిబ్రవరిలో, యార్డు నిండా పసుపు కుప్పలున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఉమారాణి వెతుక్కుంటూ వచ్చింది. బస్తాల నీడలో కూర్చోబెట్టి నీళ్లిస్తే తాగలేదు. జరిగింది చెప్పుకొచ్చింది. రెండేళ్లుగా ఆత్మారాం మాట ముద్దగా వస్తోంది. చెయ్యి వణికి టీ గ్లాసు నిలవడం లేదు. మిల్లు నుంచి ఇంటికి దారి మరిచిపోయి చెరుకు చేలల్లో తిరుగుతుంటే ఎవరో తీసుకొచ్చారు. ఆ తర్వాత అనుమానాలు మొదలయ్యాయి. అన్నంలో ఏదో కలిపారనేవాడు. పోయిన నెలలో గేటు దగ్గర హారన్ కొట్టిన లారీ డ్రైవర్‌ను కిందికి లాగి ఒక్కటే గుద్దాడు. దవడ విరిగింది. పని పోయింది. నిన్న వాడకట్టు మగవాళ్లు నలుగురు తాడు తెచ్చి కట్టేయబోతే ఒకడి ముక్కు పగిలింది, ఇంకొకడి మోచేయి వెనక్కి విరిగింది. ఇవాళ సాయంత్రంలోగా ఎక్కడికైనా తీసుకుపోకపోతే కర్రలతో కొట్టి పడేసి కడతామన్నారు. కూతురు అఖిలను పక్కింట్లో దాచి వచ్చింది. ఉమారాణి తన చీర కొంగు తీసి ముంజేయి చూపించింది. మోచేతి దాకా కమిలి నల్లగా ఉబ్బి ఉంది.

"నిన్ను కొట్టినన్ని దెబ్బలు ఆయన ఎవ్వర్ని కొట్టలే అన్నా," అంది. "నువ్వైతే ఆయన ముంగట నిలబడ్తవ్. ఇంకెవ్వలు నిలబడరు."

రాజమల్లు ఇంటికి వెళ్లి చెప్పులు విడిచి బూట్లు తొడుక్కున్నాడు. గోదావరి చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. విషయం విని చేతులాపింది. దవడ పోయింది సాలదా, ఈసారి ఏం పోగొట్టుకొస్తవని అడిగింది. అతను బూటు తాడు బిగించి లేచాడు. ఆమె మళ్లీ ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది, కానీ అతను సందు తిరిగేదాకా తలుపు వైపే చూస్తూ ఉంది.

బోధన్ ఫ్యాక్టరీ కాలనీ శక్కర్‌నగర్‌లో ఆత్మారాం ఉండే పాత క్వార్టరు వెనక చిన్న పెరడు. గోడ అవతల పదిమంది కర్రలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఉమారాణిని గేటు దగ్గర ఆపి, రాజమల్లు వాళ్లను దాటి లోపలికి వెళ్లాడు. చొక్కా లేకుండా, బట్టలుతికే బండ పక్కన నిలబడి ఉన్నాడు ఆత్మారాం. నలభై ఆరేళ్లకే జుట్టు పూర్తిగా నెరిసింది. కాళ్లు ఈడ్చుకుంటూ రెండడుగులు వేశాడు. ఎడమ చెయ్యి తొడ పక్కన గడగడా వణుకుతోంది. ఆ చెయ్యి ఇప్పుడు పిల్లినైనా అదిలించలేదనుకున్నాడు రాజమల్లు.

ఆత్మారాం అతన్ని చూసి ఆగాడు. గుర్తుపట్టాడు. కానీ ఏ కాలంలోనో గుర్తుపట్టాడు.

"ఏందిరా రాజా, హెడ్‌గార్డు ఏది? సార్ తిడ్తడు."

సార్ పోయి ఎనిమిదేళ్లయింది. రాజమల్లు చేతులు ముందుకు చాపి, మెల్లగా మాట్లాడుతూ దగ్గరికి నడిచాడు. దవాఖానకు పోదామన్నాడు. అంతలో ఆత్మారాం పిడికిలి బిగిసింది. బిగిసిన క్షణమే వణుకు ఆగిపోయింది.

మొదటి గుద్దు రాజమల్లు మోచేతి మీద పడి చెయ్యి వేళ్ల దాకా మొద్దుబారింది. రెండోది ఎక్కడికి వస్తోందో తెలిసి కూడా ఆపలేకపోయాడు. కుడి పక్కటెముకలు రెండు విరగడం లోపల్నుంచి వినిపించింది. ఊపిరి లోపలికి పోలేదు. వంగాడు. వంగిన తలమీద, చెవి పక్కన మూడోది పడింది. ఒక్కసారిగా లోకంలో చప్పుడంతా ఆగి, ఒకటే సన్నని కూత మిగిలింది. మెడ మీదికి రక్తం కారింది. నలభై ఆరేళ్ల చెయ్యి, వణికే చెయ్యి, టీ గ్లాసు పట్టలేని చెయ్యి. గుద్దులో మాత్రం ఇసుమంత కూడా తగ్గలేదు.

నాలుగోదానికి ఆత్మారాం చెయ్యి వెనక్కి తీశాడు. అప్పుడు అతని ముఖం చేతుల అడ్డం లేకుండా పూర్తిగా ఖాళీగా దొరికింది. ఇరవై ఏడేళ్లలో అంత ఖాళీగా ఎన్నడూ దొరకలేదు. రాజమల్లు కొట్టాడు. కుడి చేత్తో ముక్కు మీద, ఎడమతో కణత మీద, మళ్లీ కుడితో నోటి మీద. ఆపాలని కాదు, కొట్టాలనే కొట్టాడు. ఆత్మారాం పెదవి చిట్లి పళ్లమీద రక్తం పరుచుకుంది. తల వెనక్కి ఊగింది. రాజమల్లుకు సంతోషం కలిగింది. అది ఎంత గట్టి సంతోషమంటే, విరిగిన ఎముకల నొప్పి కూడా తెలియలేదు. ఇంకోటి కొట్టబోతూ ఆత్మారాం కళ్లు చూశాడు. ఆ కళ్లల్లో కోపం లేదు. ఏం జరుగుతోందో తెలియని పసివాడి బెదురు ఉంది.

చెయ్యి దించి లోపలికి దూసుకెళ్లి అతన్ని వాటేసుకున్నాడు. రెండు చేతులూ చంకల కింద బిగించి, గడ్డం అతని భుజం మీద ఆనించి, బరువంతా వేశాడు. ఆత్మారాం వీపు మీద, నడుము మీద గుద్దుతూనే ఉన్నాడు. గోడ అవతలివాళ్లు కర్రలతో లోపలికి రాబోతుంటే ఉమారాణి గేటుకు అడ్డం నిలబడింది. రాజమల్లు పట్టు సడలుతోంది. ఇంకొక్క నిమిషం కూడా పట్టలేడు. ఏం తోచిందో, పెనవేసుకున్నవాళ్లను విడిపోమని రెఫరీ చెప్పినట్టు గొంతు పెంచి, "బ్రేక్," అన్నాడు.

ఆత్మారాం చేతులు ఆగిపోయాయి. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆట నేర్చిన మనిషిలా మర్యాదగా చేతులు దించి నిలబడ్డాడు. రౌండు అయిపోయిందని రాజమల్లు చెప్పాడు. ఆత్మారాం వెళ్లి బండ మీద కూర్చుని, కాళ్లు బారచాపి, పళ్లమీది కవచం ఎవరో తీస్తారన్నట్టు నోరు తెరిచి ఎదురుచూశాడు. రాజమల్లు పక్కటెముకలు ఒక చేత్తో పట్టుకుని, చెంబుతో అతని నోట్లో నీళ్లు పోశాడు. ఎర్రటి నీళ్లు ఆత్మారాం పక్కకు ఉమ్మాడు. ఆటోలో కూర్చోబెట్టేటప్పుడు ఎవరిమీదా చెయ్యెత్తలేదు.

నిజామాబాద్‌లో రాజమల్లు ఛాతీకి కట్టు కట్టారు. కుడి చెవి ఇక వినిపించదన్నారు. ఆత్మారాంను హైదరాబాద్ తీసుకెళ్లమన్నారు. అక్కడి డాక్టరు స్కానింగ్ చూసి, ఏళ్ల తరబడి తలకు తగిలిన దెబ్బలకు మెదడు పాడైందని చెప్పాడు. నయం కాదు, కోపం తగ్గడానికి మందులిస్తానన్నాడు. శేఖర్ కొట్టినవా, జాతరల్లో కొట్టినవా, ఏ గుద్దు వల్ల ఇలా అయిందని రాజమల్లు అడిగాడు. పడగొట్టే పెద్ద గుద్దు ఒకటి కాదు, రోజూ తగిలి ఏమీ కాలేదనిపించే చిన్నవే ఎక్కువ చెడగొడతాయన్నాడు డాక్టరు. సాధనలో తగిలినవే ఎక్కువగా ఉంటాయి, ఎవరితో సాధన చేసేవాడని అడిగాడు.

రాజమల్లు బయటికి వచ్చి వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. జీవితమంతా తాను తిన్న గుద్దుల్నే జ్ఞాపకం పెట్టుకున్నాడు. దవడ మీద ఒకటి, కాలేయం మీద ఒకటి. కథలుగా చెప్పుకున్నాడు. తాను కొట్టినవి అతనికి ఒక్కటి కూడా గుర్తులేదు. వారానికి నాలుగు రోజులు, ఆ తర్వాత ఆదివారాలు, ఇరవై ఏళ్లు, ఎవర్నీ పడగొట్టని గుద్దులు ఆ తలమీద వేస్తూ వచ్చాడు. ఉమారాణి మందుల చీటీ పట్టుకుని వచ్చి ఏమైందని అడిగింది. అతను తల ఎత్తలేదు.

"డాక్టరు చెప్పిన గుద్దులు నావే, చెల్లే. ఎక్కువ నావే."

ఆమె చీటీని కొంగున ముడేసుకుంది. అతని పక్కన నేలమీద కూర్చుంది. ఆత్మారాం లోపల మంచం మీద నిద్రపోతున్నాడు.

"ఇంటికొచ్చి చెప్పేటోడన్నా," అంది. "ఇయ్యాల రాజు మస్తు కొట్టిండు అని. సంబురంగ చెప్పేటోడు. నీతోని కొట్లాడిన దినమే కడుపునిండ తినేటోడు." లేచింది. "లేస్తే ఆకలంటడు. ఇడ్లీ దొర్కుతదేమో సూడు, పో."

రాజమల్లు లేచి వెళ్లాడు.

మందులు పనిచేశాయి. ఎముకలు అతుక్కున్నాక రాజమల్లు మళ్లీ ఆదివారాలు బోధన్ వెళ్లడం మొదలుపెట్టాడు. ఈసారి గోదావరి వద్దనలేదు. ఆత్మారాం పిడికిలి బిగిస్తే అరచేతులు ముందు పెట్టేవాడు. తన చేతులు మాత్రం ఎత్తేవాడు కాదు. ఆ ఏడు వానాకాలం దాకా గుద్దులు అరచేతులకు వాపు తెప్పించేవి. సోమవారం బస్తా పట్టుకుంటే నొప్పి పుట్టేది. దీపావళికి ఆ నొప్పి తగ్గింది. తగ్గినందుకు అతనికి దిగులేసింది. ఇంకా గట్టిగా కొట్టమని ఆత్మారాంను బతిమాలేవాడు. ఆత్మారాం సరేనని తల ఊపి, అంతకంటే మెల్లగా కొట్టేవాడు. 2025 ఎండాకాలం వచ్చేసరికి అది తలుపు తట్టినంత కూడా లేదు.

ఆషాఢంలో ఒక ఆదివారం, వాన పడుతుంటే ఇద్దరూ వసారాలో కూర్చున్నారు. అఖిల పళ్లెంలో టీ, బిస్కెట్లు పెట్టి వెళ్లింది. రాజమల్లు అరచేతులు చాపాడు. ఆత్మారాం వాటివైపు చూశాడు గానీ చెయ్యి కదపలేదు. రాజమల్లు అతని ఎడమ చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, సార్ నేర్పినట్టే నాలుగు వేళ్లూ లోపలికి ముడిచి, బొటనవేలు పైన పెట్టి, పిడికిలి చేశాడు. ఆత్మారాం ఆ పిడికిలిని కాసేపు పరాయి వస్తువులా చూశాడు. తర్వాత వేళ్లు విప్పుకుని, వణుకుతున్న చేత్తోనే పళ్లెంలోంచి బిస్కెట్టు తీసుకున్నాడు.